అక్క వంతు

మా అక్కకూ నాకూ పోలికలు వెతికేవాళ్లు చివరికి మెడ దగ్గర ఆగేవాళ్లు. రంగు ఆమెకు మా నాయనది, నాకు మా అమ్మది. ముక్కులు వేరు, నడకలు వేరు, నోళ్లయితే అసలే వేరు. అక్క మాట్లాడితే పదిమంది చుట్టూ చేరేవాళ్లు, నేను మాట్లాడితే ఉన్నవాళ్లకు ఏవో పనులు గుర్తొచ్చేవి. మెడ ఒక్కటే ఇద్దరికీ అమ్మ నుంచి వచ్చింది. ముందువైపు కాస్త నిండుగా ఉండి, నీళ్లు మింగితే ఆ నిండుతనం పైకి కిందికి కదిలేది. మాది ఆదిలాబాదు వైపు పల్లె. అక్కడ చాలామంది ఆడవాళ్లకు అట్లాగే ఉండేది, దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. కంటె పెడితే ఇట్లాంటి మెడకే పెట్టాలని మా మేనత్త మురిసిపోయేది.

ఇప్పుడు నా మెడ చదునుగా ఉంది. ఊపిరి బాగా ఆడుతుంది. ఎవరైనా ఆడమనిషి కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకొని మా ఇంటికొచ్చి, ఆ గోలీలు మంచివేనా అని గొంతు తగ్గించి అడిగితే మంచివే అని చెప్తాను. ఇది రాయడం కూడా సగం అందుకే. మిగతా సగం నా కోసం. అంత మంచి మందు ఇంట్లోనే ఉండగా మా అక్క ఎందుకు పోయిందో మొదటి నుంచి ఒక్కసారి చెప్పుకుంటే గుండె కొంచెం నిలబడుతుందేమోనని.

అక్క పేరు అనసూయ. ఆమెను నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఒక వైశ్యుల ఇంటికి ఇచ్చారు. కొన్నేండ్లకు ఆ ఇంటి చిన్న కొడుక్కే నన్ను ఇచ్చారు. అట్లా అక్కాచెల్లెండ్లం యారాండ్లం అయ్యాం. మామగారికి ఆబిడ్స్‌లో కాగితాలు, సిరాలు, కలాలు అమ్మే దుకాణం. బావ, అంటే అక్క భర్త, ఆ దుకాణంలోనే కూర్చునేవాడు. మా ఆయన కచేరీలో గుమాస్తా. అత్తగారు నేను రాకముందే పోయింది. పోతూ పోతూ అన్నం గరిటె అక్క చేతిలో పెట్టి, ఇంటి కోడలి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దేవుని పొయ్యిని ముట్టొద్దని మాట తీసుకుందట. మామగారు పక్కనే ఉండి ఆ మాట విన్నారు. అప్పటి నుంచి రోజూ తెల్లవారి తలస్నానం చేసి, మడి కట్టుకొని, కోడలు వండాలి. దేవునికి నైవేద్యం పెట్టాకే ఇంట్లో ఎవరైనా ముద్ద ముట్టాలి. వంటమనిషిని పెట్టుకునే స్తోమత ఉన్నా ఆ మాట కోసం పెట్టుకోలేదు. ఉల్లిగడ్డ కూడా రాని ఇల్లు అది.

నాకు ఆ వంటింట్లో చాలా సంతోషంగా ఉండేది. అక్క పొయ్యి దగ్గర, నేను రోటి దగ్గర. పుట్టింట్లో కూడా ఇన్ని ముచ్చట్లు చెప్పుకోలేదు మేము. స్టేషనులో బండి కూత విని ఎసరు పెట్టేది అక్క. బండి ఆలస్యమైతే ఆ పూట మా వంట కూడా ఆలస్యమే.

పంతొమ్మిదివందల ముప్పైఎనిమిది ఎండకాలంలో నా మెడ మాట వినడం మానేసింది. రవికె గుండీలు పెట్టుకుంటే ఉరి బిగించినట్టు ఉండేది. వెల్లకిలా పడుకుంటే ఎవరో గొంతు మీద చెయ్యి పెట్టినట్టు దగ్గు. అన్నం ముద్ద ఒక్కోసారి దిగేది కాదు. పసుపు పట్టు వేశారు, మిరియాల పట్టు వేశారు. చర్మం కాలింది గాని వాపు తగ్గలేదు. గల్లీలో పిల్లలు నన్ను చూసి బుగ్గలు పూరించి వెక్కిరిస్తే నేను తిరిగి వెక్కిరించి లోపలికొచ్చి ఏడ్చేదాన్ని. అప్పటికి నాకు పెండ్లయి చాలా కాలం కాలేదు, పిల్లలు లేరు. చచ్చిపోతానేమోనన్న భయం కంటే, మా ఆయన నా ముఖం వైపు చూసేటప్పుడు చూపు మెడ దాకా జారకుండా ఆపుకుంటున్నాడన్న సంగతి నన్ను ఎక్కువ తినేసింది.

మామగారే దారి చూపించారు. ఆ మాట చెప్పాలి, ఎందుకంటే ముందు ముందు ఆయన మీద మీకు కోపం వస్తుంది. దుకాణం వెనక సందులో ఒక పార్సీ డాక్టరమ్మ దవాఖాన ఉండేది. పని వదులుకొని ఆయనే టాంగా కట్టించి మమ్మల్ని తీసుకుపోయారు. తోడుగా అక్క వచ్చింది. ముందు గదిలో రెండు బెంచీలు, మధ్యలో తెర. తెరకు ఇవతల ఆడవాళ్లం. బయట ఎండ మండుతుంది, లోపల అందరూ కొంగులతో విసురుకుంటున్నారు. అక్క మాత్రం చేతులు చంకల్లో పెట్టుకొని ముడుచుకొని కూర్చుంది. పక్కన ఒక ముసలి తురకామె, ముఖం మీది ముసుగు ఎత్తుకొని ఆకు నములుతూ, అక్కను చాలాసేపు చూసింది. జ్వరమా అని అడిగింది. కాదు, జర చలి అన్నది అక్క. ఆమె తన చాదర్ తీసి అక్క భుజాల మీద కప్పింది. లోపలికి మమ్మల్ని పిలిచి, మేము బయటికి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. చాదర్ మా దగ్గరే ఉండిపోయింది. ఎండకాలంలో మా అక్కకు చలేస్తున్నదని ఇంట్లో మేము నలుగురం చూడలేదు, ముక్కూ మొహం తెలియని ఆమె చూసింది.

డాక్టరమ్మ నా వెనక నిలబడి రెండు చేతులతో మెడ పట్టుకొని నీళ్లు మింగమన్నది. భయపడకు, కోత అవసరం లేదు, గోలీలతో తగ్గుతుందన్నది. నేను అక్కడే ఏడ్చేశాను. అప్పుడు మామగారు ఏ మందుకైనా అడిగే ప్రశ్నే అడిగారు, ఇందులో ఏముందని. మా ఇంట్లో అది ఆచారం. దగ్గు మందులో సారా ఉందేమో, బలం మందులో చేపనూనె ఉందేమో అడిగి తెలుసుకున్నాకే సీసా గడప దాటుతుంది. డాక్టరమ్మ దాచలేదు. గొర్రె మెడలో ఇట్లాంటి గ్రంథే ఉంటుంది, దాన్ని ఎండబెట్టి పొడి చేసి గోలి కడతారు, సీమ నుంచి వస్తుంది అని ఉర్దూలో నిమ్మళంగా చెప్పింది. ఆమె మంచి మనిషి. ఆ ఒక్కసారికి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆనాడు మందు కొనకుండానే ఇంటికొచ్చాం. మామగారు ఆ వారమంతా సరిగ్గా తినలేదు. మా ఆయన ఆయనతో మొదటిసారి గొంతు పెంచి మాట్లాడాడు. బావ ఇద్దరి మధ్యా తిరిగాడు. నేను గోడకు ఆనుకొని, కూర్చునే నిద్రపోవడం నేర్చుకున్నాను. చివరికి మామగారు పురోహితుణ్ని అడిగి వచ్చి తేల్చారు. ప్రాణం కోసం మందు ఏదైనా మింగొచ్చు, పాపం లేదు. కాని మింగిన మనిషి మడికి పనికిరాదు. స్నానంతో పోయే మైల కాదు, లోపల ఉన్న మైల. ఆ గోలి మింగినన్నాళ్లు వంటిల్లు, దేవుని అర్ర, తాగే నీళ్ల బిందె ముట్టొద్దు. నాకు ఆ మాట పెద్దగా బాధ కలిగించలేదు. బతికితే చాలనుకున్నాను.

మందు కోసం రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను వదిలి అక్కను చూడడం మొదలుపెట్టింది. కండ్ల కింది ఉబ్బు చూసింది, అరచేతులు పట్టుకొని చూసింది, పేరేమిటని, ఊరేమిటని ఊరికే మాట్లాడించింది. తర్వాత మామగారితో, మందు నీ చిన్న కోడలికి కావాలి, పెద్ద కోడలికి ఇంకా ఎక్కువ కావాలి, ఈమెకు వాపు చిన్నదే గాని గ్రంథి పని చేయడం మానేస్తున్నది అన్నది. మామగారు అక్క వైపు చూసి, ఆమెకేమైంది, మంచిగనే ఉన్నది కదా అన్నారు. నిజంగానే అట్లా అనుకున్నారు. అక్క ఒళ్లు చేసింది, బుగ్గలు నిండాయి, పట్నం నీళ్లు పట్టాయని వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు.

అక్క నవ్వింది. "ఇద్దరం మింగితే దేవునికి ఎవరు వండుతరు డాక్టరమ్మా? ముందుగాల దీనిది కానీ. ఇది చిన్నది, పిల్లలు కావాలె. నా వంతు తర్వాత."

అట్లా మా ఇంట్లో ఒక మందుకు వంతులు వచ్చాయి. నీళ్ల కాడ, పందిట్లో భోజనాల కాడ వంతులుంటాయి. ఊపిరికి వంతులు పెట్టుకున్నవాళ్లం మేమే అయి ఉంటాం. అప్పుడు ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు. అక్క చెప్పింది న్యాయంగానే ఉందని మామగారు తల ఊపారు, మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు, నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ ఒక్కతే కలం కింద పెట్టి మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది.

సీసాను ఇంట్లో కాదు, ముందరి అరుగు గోడలో గూడు ఉంటే అందులో పెట్టారు. నాకు వేరే చెంబు ఇచ్చారు. రోజూ పొద్దున అరుగు మీద కూర్చొని, దారిన పోయేవాళ్లు చూస్తుండగా మింగేదాన్ని. మొదట్లో గుండె దడదడ కొట్టుకునేది, చేతులు వణికేవి, వానల ముసురులో కూడా చెమటలు పట్టేవి. గొర్రె పూనిందే దీనికి అని అక్క ఏడిపించింది. డాక్టరమ్మ నాడి చూసి మందు తగ్గించాక నెమ్మదించింది. వాపు కూడా కొద్దికొద్దిగా కరిగింది. అక్క వారానికొకసారి, మడి విడిచాక, నా పుస్తెలతాడు మెడ చుట్టూ బిగించి పట్టి, ముడి ఎంత జరిగిందో చూసేది. ముడి జరిగినప్పుడల్లా ఆమె ముఖం విప్పారేది.

పచ్చి కూరగాయలకు మైల లేదు, నీళ్లూ ఉప్పూ తగిలాకే మైల. అందుకని నేను వంటింటి గడప ఇవతల కత్తిపీట వేసుకొని కూరలు తరిగి, పళ్లెంలో పెట్టి గడప మీదికి జరిపేదాన్ని. అక్క అవతలి నుంచి తీసుకొని కడిగి పొయ్యి మీద వేసేది. ముచ్చట్లు మాత్రం ఆగలేదు. మాటలకు మైల అంటదు కదా అనేది అక్క. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆమె పైనుంచి నా ఆకులో వదిలేది, చెయ్యి తగలకుండా. చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం. ఆకులో అన్నం పడే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గడప ఇవతల కూర్చున్నాను కాబట్టి నేను చూశాను. ఇంట్లో తిరుగుతూ ఉంటే చూసేదాన్ని కాదేమో. అక్క కూర్చున్నచోటు నుంచి లేవడానికి గోడ పట్టుకునేది. పప్పులో ఉప్పు మరిచేది. ఒక మాట మొదలుపెట్టి మధ్యలో ఆగి పొయ్యి వైపు చూస్తుండిపోయేది. బతుకమ్మ ఆడేటప్పుడు గల్లీ మొత్తానికి పాట ఎత్తి ఇచ్చేది ఆమే. ఆ ఏడు ఎత్తబోతే గొంతు మగగొంతులాగా బొంగురుగా వచ్చింది. ఆడవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వి, పాట పక్కింటామెకు ఇచ్చి, చప్పట్లు మాత్రం కొట్టింది. అన్నం ఆలస్యమైతే బావ విసుక్కునేవాడు, తిని తిని ఒళ్లు బరువైందని. ఆయన చెడ్డవాడు కాదు. మాకెవరికీ తెలియదు, అంతే. తెలిసినామె చెప్పింది, మేము వంతు అన్నాం.

ఒక మధ్యాహ్నం మగవాళ్లంతా బయటికి పోయాక, నా గోలి ఒకటి అరచేతిలో పెట్టుకొని గడప మీదికి చాపాను. మామకు తెలియనివ్వను, రోజు విడిచి రోజు నేను మానుకొని నీకు ఇస్తాను, మింగు అని బతిమిలాడాను. అక్క ఆ గోలిని చూసింది. తర్వాత, మడిలో ఉండి నన్ను ముట్టకూడని మనిషి, గడప దాటి చెయ్యి చాపి, నా వేళ్లు ఒక్కొక్కటే మూసి పిడికిలి చేసింది.

"మామకు తెల్వది, సరే. లోపల కూసున్నాయనకు తెల్వదా చెల్లె? ఆయన ముంగట గంట కొట్టేటప్పుడు నా చెయ్యి వణకదా?"

ఆ చెయ్యి చల్లగా ఉంది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి చెయ్యి అంత చల్లగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె మళ్లీ స్నానం చేసి మడి కట్టుకొని వచ్చింది, నన్ను ముట్టింది కాబట్టి.

ముప్పైతొమ్మిది ఆఖరులో, యుద్ధం వచ్చింది, సీమ మందులు దొరకవేమోనని ఆబిడ్స్‌లో అంతా అనుకుంటున్న రోజుల్లో, నా మెడ పూర్తిగా చదునైంది. నేను నేరుగా మామగారి ముందు నిలబడి, నాకు బాగైంది, మందు ఆపేస్తాను, ఇక అక్క వంతు అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. కాని మందు నా ఒంట్లోంచి పోయి నేను మడికి పనికి రావాలంటే కొన్నాళ్లు ఆగాలన్నారు, మంచి రోజు చూసి పంచగవ్యం పుచ్చుకోవాలన్నారు. నేను వంటింట్లోకి వచ్చాకే కదా అక్క బయటికి రావాలి. అట్లా కొన్ని వారాలు ఇద్దరం ఆ మందు లేకుండా ఉన్నాం. సీసా గూట్లో ఉంది. అక్క ఒకటే మాటగా, వస్తున్నది, నా వంతు వస్తున్నది, అరుగు మీద కూసోని రాణిలాగ మింగుత అనేది.

మంచి రోజు రాకముందే నా మెడ మళ్లీ లేచింది. నెల కూడా తప్పింది. దవాఖానకు పోతే డాక్టరమ్మ మొదటిసారి కోప్పడింది. ఈ మందు తాగి పారేసే దగ్గు మందు కాదు, నీ ఒంట్లో లేనిదాన్ని బయటి నుంచి ఇస్తున్నాం, ఇప్పుడు ఆపితే కడుపులో బిడ్డకు కూడా మంచిది కాదు అన్నది. నేను బెంచీ మీద కూర్చొని కాళ్లు కొట్టుకొని ఏడ్చాను. కడుపు పండిందన్న సంతోషం ఒక పక్క, అక్క వంతు పోయిందన్న దుఃఖం ఒక పక్క. ఇంటికొచ్చి గడప ఇవతల నిలబడి చెప్పాను. అక్క కొంచెంసేపు అర్థం కానట్టు చూసింది, అప్పటికి ఆమెకు ఏ మాటైనా ఆలస్యంగా అందేది. అందాక ముఖమంతా నవ్వింది. పిల్ల పుట్టినంక మింగుత, ఎటు పోతది గోలి అన్నది. ఆమెకు మూడుసార్లు కడుపు వచ్చి పోయింది. మా ఇంట్లో పసిపిల్ల ఏడుపు వినాలని ఆమెకున్న ఆశ ముందు ఆమెకు తన ప్రాణం గుర్తు లేదు.

నలభై వానకాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వచ్చింది కాబట్టి పది రోజులు ఇంట్లో దీపం లేదు, నైవేద్యం లేదు. దేవుడు పది రోజులు పస్తున్నాడు, ఎవరి మీదా అలగలేదు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చాలా తర్వాత తట్టింది, తట్టినప్పుడు గోడకు తల కొట్టుకున్నాను. అక్కకు మందు ఇవ్వడానికి ఆ పది రోజులు చాలవు గాని, పది రోజులు ఆగగలిగిన దేవుడు ఇంకొన్నాళ్లు ఆగడా?

పురుడు తీరాక కూడా బాలింతను కాబట్టి నేను వంటకు పనికిరాను. అక్క వండుతూనే ఉంది. మధ్యాహ్నం పని అయ్యాక మడి విడిచి వచ్చి పిల్లను ఒళ్లో వేసుకునేది, ఆ ముసలామె చాదర్ కప్పి ఇద్దరూ ఒకటే నిద్ర. పిల్ల లేచి ఏడ్చినా అక్క లేచేది కాదు. పిల్ల నీ కంటె నయమే అనసూయా అని బావ అనేవాడు. ఆయన కూడా అప్పటికి భయపడుతున్నాడు, నవ్వులాటలో చెప్తున్నాడు. సంక్రమణం దాటినాక అనసూయకు మందు మొదలుపెడదాం, చిన్నామె అప్పటికి తేరుకుంటది అని మామగారు తనంతట తనే అన్నారు. ఆ మాట విని నేను ఆ పూట కడుపునిండా తిన్నాను.

మార్గశిరంలో అక్కకు రొమ్ము పడిశం పట్టింది. అందరికీ పట్టింది, అందరికీ పోయింది. ఆమెకు పోలేదు. అయినా తలస్నానం ఆపలేదు, తడిబట్ట ఆపలేదు. ఒక పొద్దున స్టేషనులో బండి కూసింది, వంటింట్లో చప్పుడు లేదు. పొయ్యి అంటలేదు. బావ లేపుతున్నాడు, అక్క లేవడం లేదు. ఒళ్లు చల్లగా ఉంది, ఊపిరి దూరం దూరంగా వస్తుంది. మా ఆయన పరుగెత్తుకుపోతే డాక్టరమ్మ ఉన్నపళంగా టాంగా ఎక్కి వచ్చింది. మా గల్లీలోకి, మా గడప దాటి లోపలికి, ఎవరినీ అడగకుండా వచ్చింది. ఒక్కసారి అక్క కనురెప్ప ఎత్తి చూసి, గోలీలు తెమ్మన్నది.

గూట్లోంచి సీసా తెచ్చింది మామగారు. తన చేత్తో. గోలీ నలిపి నీళ్లలో కలిపి పొయ్యడానికి చెంచా కావాలంటే ఆయన దేవుని అర్రలోకి పోయి తీర్థం పోసే ఉద్ధరిణి తెచ్చి ఇచ్చారు. చేతికి అదే దొరికింది. డాక్టరమ్మ అక్క తల ఎత్తి పట్టుకొని పోసింది. ఆ నీళ్లు లోపలికి పోలేదు. నోటి పక్క నుంచి చెంప మీదుగా దిగి చాదర్ మీద పడ్డాయి. ఇంకోసారి పోసింది. నేను అక్క గొంతు మీద నా చెయ్యి పెట్టాను, మింగితే కదులుతుంది కదా అని. కదలలేదు. మధ్యాహ్నం దాకా డాక్టరమ్మ ఆ మంచం పక్కనే కింద కూర్చుంది. అక్క పోయాక లేచింది. నా తల మీద చెయ్యి పెట్టి, రేపు కూడా నీ గోలి మానొద్దు అని చెప్పి వెళ్లింది.

ఆ మాట నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. మరునాడు అరుగు మీద కూర్చొని సీసా మూత తీసి మళ్లీ పెట్టేశాను. ఇది మింగకపోతే నేనూ పోతాను, పోతే బాగుండు అనిపించింది. లోపల పిల్ల ఏడ్చింది. మింగాను.

మైల రోజుల్లో మళ్లీ దీపం లేదు, నైవేద్యం లేదు. చుట్టాలు పక్కింటి నుంచి తెచ్చి పెట్టిందే తిన్నాం. బావ అక్క పడుకున్న చోట చాదర్ మడిచి పెట్టుకొని కూర్చునేవాడు. పదమూడో రోజు అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు. మరునాడు తెల్లవారి మామగారు తలస్నానం చేసి వచ్చి దేవుని అర్ర ముందు పీట వేసుకొని కూర్చున్నారు. నేను నా చోట, గడప ఇవతల ఉన్నాను. వంటిల్లు చీకటిగా ఉంది. ఆయన నా వైపు చూడకుండానే అన్నారు.

"బిడ్డా, తానం చేసి వచ్చి పొయ్యి అంటియ్యి. నైవేద్యం కావాలె."

నేను లేవలేదు. "మామా, నేను ఇప్పుడే గోలి మింగిన" అన్నాను.

"ఎర్కే బిడ్డా" అన్నారు. "అంటియ్యి."

అంతే. పురోహితుణ్ని అడగలేదు. మందు ఒంట్లోంచి పోవాలనలేదు, మంచి రోజు చూడలేదు. వండే చెయ్యి ఇంకోటి లేదు కాబట్టి నా చెయ్యికి మైల పోయింది. ఆ రెండు మాటలు ఆయన రెండేండ్ల ముందు అని ఉంటే, మా ఇద్దరి సీసాలు ఆ గూట్లో పక్కపక్కన ఉండేవి, అక్క పొయ్యి దగ్గర, నేను రోటి దగ్గర. ఆయనతో అట్లా అందామని నోటిదాకా వచ్చింది. నా నోరు ఎవరికీ భయపడే నోరు కాదు. కాని తల ఎత్తి చూస్తే, ఆయన పీట మీద చేతులు ఒళ్లో పెట్టుకొని, గడ్డం కదులుతుండగా ఏడుస్తున్నారు. ఆయనకూ తెలిసింది.

స్నానం చేసి వచ్చి గడప దాటాను. కట్టెలు అక్క పేర్చి పెట్టినవే ఉన్నాయి, మరునాటి కోసం. వాటితోనే అంటించాను. బియ్యంలో నీళ్లు ఎన్ని పొయ్యాలో మరిచిపోయి అన్నం ముద్దయింది. ఆ ముద్దయిన అన్నమే నైవేద్యం పెట్టి, గంట కొట్టాను. నా చెయ్యి వణికింది. మందుకు కాదు.

మెడవాపు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వాపు పెద్దగా ఉన్నామెనే చూడకండి. చలి అంటున్నామెను చూడండి, పని నెమ్మదించిందని మీరు విసుక్కుంటున్నామెను చూడండి. మందుకు వంతులు పెట్టకండి. నా బిడ్డకు ఇప్పుడు బడికి పోయే వయసు. దాని మెడ నేను రోజూ తల దువ్వేటప్పుడు తడిమి చూస్తాను.

సీసా ఇప్పుడు అరుగు గూట్లో లేదు, వంటింట్లో ఉప్పు జాడీ పక్కన ఉంది. మామగారే తెచ్చి అక్కడ పెట్టారు. రోజూ తెల్లవారి మడి కట్టుకొని, దేవుని బిందెలో నీళ్లు ముంచుకొని, పొయ్యి ముందు నిలబడి గోలి మింగుతాను. తర్వాత ఎసరు పెడతాను. ఇన్నేండ్లలో దేవుడు ఒక్కపూట కూడా నా చేతి అన్నం వద్దనలేదు.